జేబు మీద చెయ్యి

బనీనుకు జేబుండదు గద. అఫ్జల్‌గంజ్ బస్టాపుల నిలబడ్డ నిఖిలేష్‌కు ఈ ఒక్క ముచ్చట తప్ప ఇంకోటి తోస్తలేదు. చేతుల ప్లాస్టిక్ ఫైలు, దాంట్ల టెన్త్ మెమో, ఇంటర్ మెమో, రెండు ఫోటోలు, యూనివర్సిటీ వాళ్లు పంపిన కాయిదం. నాటకాల డిగ్రీకి ఆడిషన్, పదకొండున్నరకు, ఇరవై సీట్లు, తన నంబరు ఇరవై ఏడు. బస్సు వచ్చింది. డోరు దాక పోయిండు, ఎనకకెళ్లి ఎవలో నూకితే పక్కకు జరిగిండు, ఎక్కలేదు. అది పోయింది. ఫికర్ లేదు, ఇంకోటి వస్తది, ఇంకా తొమ్మిదే అయితుంది. పొద్దుగాల ఇంట్ల లొల్లి అయినప్పుడు బాపు ఒంటి మీద తెల్లంగి లేకుండె. బనీనుండె. గుండెపోటు వచ్చి రెండేండ్లాయె, అప్పటికెళ్లి ఇంట్ల బనీను మీదనే ఉంటుండు, దుకాణమే లేనోనికి అంగెందుకు అంటడు. మరి తిట్టుకుంట బాపు చెయ్యి ఎడమ రొమ్ము మీదికి ఎందుకు పోయినట్టు? జేబని పోయిందా, నొప్పని పోయిందా? జేబని పోతే బాపు తనను దీవించి పంపినట్టు. నొప్పని పోతే ఇంట్ల ఎవ్వలు లేరు. శ్రవణ్‌కుమార్ కాకకు దుకాణానికి పోయే టైమాయె, అమ్మ మాదన్నపేటకు కూరగాయలకు పోతానని సంచి అప్పుడే చేతుల పట్టుకొని ఉండె. పోతే పొయ్యేది సీటు కాదు.

లాల్‌దర్వాజల వాళ్ల ఇల్లు గుడి ఎనక గల్లీల, కింద గోదాము, మీద కాపురం. పొద్దున ఎనిమిదింటికి శ్రవణ్‌కుమార్ కాక వచ్చిండు. బాపుకు సొంత తమ్ముడు, బాపు మంచాన పడ్డకాన్నుంచి చీరెల దుకాణం ఆయన్నే నడుపుతుండు. మంచోడు, చెడు చెప్తే కండ్లు పోతయ్. చాయ్ తాగుకుంట, ఇయ్యాల్టికెళ్లి పిల్లగాన్ని దుకాణం గద్దె మీద కూసోబెడదాం వదినా, ఇరవై ఒకటొచ్చినయ్ గద అన్నడు. అమ్మ నేను గూడ గదే అంటున్న అన్నది. అప్పుడే ఫైలు కండ్లబడ్డది. నాటకాలకు డిగ్రీ ఏంది, మూతికి రంగేసుకొని ఎగురుడు నేర్వనీకి మూడేండ్లా, రేపు పిల్లనిచ్చేటోళ్లు ఏం చదివిండని అడిగితే ఏం చెప్పాలె నేను అని అమ్మ ఎత్తుకున్నది. ఏడుపూ తిట్టూ కలిపి అంటది అమ్మ, ఏది ఏదో తేలదు. అంతట్ల కిటికి కాడ కుర్చీల కూసున్న బాపు లేచి నిలబడ్డడు. రెండేండ్ల సంది గట్టిగ ఒక్క మాట అనని మనిషి. చెయ్యి ఎడమ రొమ్ము మీద వేసుకొని, ఎవలనడిగి పోతున్నవ్‌రా, బువ్వ పెట్టిన దుకాణం నీకు చేదయ్యిందా, పో, ఇగ మా దుకాణంల నీకు పని లేదు, మెట్లు దిగు అన్నడు. కాక చాయ్ కప్పు కింద పెట్టిండు. పోనియ్యే అన్నా, పిల్లగాడు, ఏమనకు, ఒక్కసారి పోయి రానియ్యి అని అడ్డం పడ్డడు. నిఖిలేష్ తల వంచుకొని ఫైలు తీసుకొని మెట్లు దిగిండు. షేరింగ్ ఆటోల మదీన దాటి, నయాపూల్ దాటి, ఇక్కడ దిగి చిల్లర తీసేటప్పుడు తన అంగి జేబుల చెయ్యి పెట్టిండు. అప్పుడు యాదికొచ్చింది బాపుకు జేబు లేదని.

ఆ మాటలు అతనికి కొత్తయి కావు. ఎనిమిదేండ్లప్పటి సంది విన్నడు, మక్కీకి మక్కీ గవ్వే మాటలు, పండుగల దినాలల్ల రోజుకు నాలుగుసార్లు. మదీన ఎనక గల్లీల చీరెల దుకాణం, తెల్ల దుప్పటి పరిచిన పరుపు, ఇటుదిక్కు పిల్లగాడు, అటుదిక్కు గల్లా కాడ బాపు. గిరాకి బేరమాడి బేరమాడి లేవబోతుంటే పిల్లగాడు నోరు జారినట్టు ఒక తక్కువ రేటు చెప్పాలె. బాపు తలెత్తాలె. ఎంత చెప్పినవ్‌రా అనాలె. పిల్లగాడు మళ్ల చెప్పాలె, ఈసారి ఇంకా మెల్లగ. ఇగ అక్కడికెళ్లి బాపు రాజ్యం. గద్వాల చీరె గా రేటుకా, నేసినోని కూలి గూడ ఎల్లదు గదరా, దుకాణం ముంచుతవారా అని లేచి, చెయ్యెత్తి, పో, ఇగ మా దుకాణంల నీకు పని లేదు, మెట్లు దిగు అనాలె. పిల్లగాడు ఏడ్వాలె, తప్పయింది బాపు అనుకుంట దుకాణం మెట్లు రెండు దిగాలె. మూడోది దిగొద్దు. రెండో మెట్టు మీద ఆగితే ఎన్కనుంచి ఆడామె గొంతు వస్తది, అయ్యో పసిపోరన్ని ఏమనకు భాయ్, అన్నడు గద, గదే రేటుకియ్యి అని. బాపు నెత్తి కొట్టుకొని, మావోడు నోరు జారిండు, జారినా మాట మాటే, తీసుకపో అక్కా అంటడు. ఆమె చీరె సంకల పెట్టుకొని, పోంగ పోంగ పిల్లగాని నెత్తి మీద చెయ్యేసి పోతది. లాభం చీరెల ఎంతుండాల్నో అంత ఉంటనే ఉండె. ఆమె గల్లీ మలిగినంక బాపు సోడ తెప్పిస్తుండె, నిమ్మకాయ పిండి, ఉప్పేసి, సగం తను తాగి సగం కొడుక్కిచ్చి, ఇయ్యాల మంచిగ చేసినవ్, ఆఖర్ల ఎక్కిళ్లు జర ఎక్కువైనయ్ అంటుండె.

అందరి ముంగట ఆడరు ఆ ఆట. ఎవల ముంగట ఆడాల్నో బాపుకు మొఖం చూస్తే తెలుస్తుండె. చంకల పిల్లనేసుకొని వచ్చినామె, నీళ్లు తెచ్చిచ్చిన పిల్లగానికి బిడ్డా అన్నామె, అసొంటోళ్ల ముంగటనే. మెత్తనోళ్లను చూస్తే మొత్తబుద్ధి అని ఉత్తగనే అన్లే. ఇప్పుడు తలుసుకుంటే నిఖిలేష్‌కు మెడ మీద పురుగు పాకినట్టయితది, దయ ఉన్నోళ్లనే ఏరి ఏరి ఏడిపించిన్రు తండ్రీ కొడుకులు. అసొంటామె కూసున్నదంటే బాపు ఒక సైగ చేస్తుండె. తెల్లంగికి ఎడమ దిక్కు జేబు, జేబుల కండ్లద్దాల డబ్బీ, దాని మీద చెయ్యి అట్ల పెట్టి, డబ్బీ ఉన్నదా లేదా అని చూసుకున్నట్టు, మళ్ల తీస్తుండె. అంతే. చెయ్యి దిగిందంటే ఆట షురువైనట్టు. పొద్దున చెయ్యి దిగలేదు గద. మాటలన్నీ అయిపోయినయ్, కాక అడ్డం పడ్డడు, తను ఫైలు తీసుకున్నడు, అప్పటిదాక చెయ్యి రొమ్ము మీదనే ఉండె. వేళ్లు ముడుసుకొని ఉండెనా, సాపుగుండెనా? చూడలేదు. నేల చూసుకుంట వచ్చిండు, ఆటల అట్లనే చూడాలె మరి, పదకొండేండ్ల అలవాటు.

రెండో బస్సు వచ్చింది. కండక్టరమ్మ డోరు కాడ నిలబడి ఎక్కుతవా ఎక్కవా అన్నట్టు చూసింది, ఎక్కలేదు. ఫోన్ తీసి బాపుకు కొట్టిండు, మోగి మోగి ఆగిపోయింది. అమ్మ ఫోన్ ఇంట్ల ఫ్రిజ్ మీదనే ఉంటది ఎప్పటికీ, దానికి కొట్టినా బాపే ఎత్తాలె, కొట్టిండు, ఎత్తలేదు. కాకకు కొట్టిండు. ఏడున్నవ్‌రా, ఎక్కినవా బస్సు, నేనొచ్చేటప్పుడు మంచిగనే ఉండె మీ బాపు, కిటికిలకెళ్లి చూస్తుండె, నువ్వు ఫికర్ చేయకు, కోపంల అన్నడు, నేను నచ్చజెప్తలే అన్నడు కాక. పాపం కాక. గిరాకి ఆడోళ్లు ఎట్ల పడ్డరో అట్లనే పడ్డడు పొద్దున, పోనియ్యే అన్నా, ఏమనకు అని. దుకాణం చేతికొచ్చిన మర్నాడే ఒకటే రేటు అని బోర్డు రాయించి పెట్టినోడు, అబద్ధం చేతగానోడు, అన్న ఆటల గిరాకి అయ్యిండు. అంటే ఆట నడిచినట్టే గద? నడిచింది కాబట్టే గద తనను ఎవ్వలు ఆపలేదు? అమ్మ గూడ నోరు మూసుకున్నది. అయితే ఆట నడవనీకి బాపుకు బాగుండాలెనని ఏముంది, ఆ దినం గూడ ఆట మస్తు నడిచింది.

ఆ దినం. తలుసుకోవద్దనుకున్నది ఎప్పుడూ మెట్లెక్కి కూసుంటది. పెండ్లిండ్ల సీజను, ఎండ, గల్లీల కరెంటు లేదు. ఎవలో పంతులమ్మ, బిడ్డ పెండ్లికని వచ్చింది, చేతిసంచిలకెళ్లి బాటిల్ తీసి నిఖిలేష్‌కే ముందు నీళ్లియ్యబోయింది, అసొంటి మనిషి. తనకు పంతొమ్మిది, మీసాలొచ్చినయ్, అయినా ఆట ఆగలేదు, పసిపోరడు కాస్త సదువబ్బని పోరడైండు, అంతే మార్పు. బాపు సైగ చేసిండు, తను రేటు నోరు జారిండు. బాపు తలెత్తిండు. చెయ్యి మళ్ల జేబు మీదికి పోయింది. నోరు తెరిచిండు, మాట రాలేదు. బాపు ఎప్పుడూ ఏదో ఒకటి కొత్తది కలుపుతుండె ఆటల, ఒకపారి స్తంభానికి నెత్తి కొట్టుకున్నడు, ఒకపారి అంగి గుండీలు పుట్టుక్కున తెంపుకున్నడు, ఇంటికొచ్చి అమ్మతోటి తిట్లు తిన్నడు. కొత్తదేమో అనుకున్నడు నిఖిలేష్. కోపంతోటి మాట పడిపోయినట్టు చేస్తుండు, వాహ్ బాపు అనుకున్నడు. తల వంచి ఏడ్చుడు షురు చేసిండు. తప్పయింది బాపు, తప్పయింది. బాపు చీరెల మూటల మీదికి ఒరిగిండు, మెల్లగ జారిండు. ఇంకా బాగుందనుకున్నడు. గొంతు పెంచిండు, రెండు మెట్లు దిగిండు, ఆగిండు. ఎన్కనుంచి పంతులమ్మ, బాబూ, మీ నాయిన చూడు బాబూ అన్నది. పడ్డది ఈమె అనుకున్నడు. రెండో మెట్టు మీద నిలబడి, గల్లీ దిక్కు మొఖం పెట్టి ఇంకా ఏడ్చిండు. ఆమె లేచి వచ్చి జబ్బ పట్టి గుంజేదాక ఏడ్చిండు. ఎంతసేపు? మూడు నిమిషాలా, నాలుగా? దవాఖానల డాక్టరు, జర ముందు తెచ్చుంటే గుండె ఇంత పాడు కాకపోవు, ఇప్పుడు మూడొంతులల్ల ఒక వంతే పని చేస్తుంది అన్నడు. ఆ జర ఎంతో డాక్టరు చెప్పలేదు, నిఖిలేష్ అడగలేదు, బాపు గూడ ఇప్పటిదాక ఎన్నడూ అడగలేదు.

ఇంకొకటుంది. అది దేవునికి గూడ చెప్పుకోలేదు. చిన్నప్పుడు కన్నీళ్లు ఎట్ల వస్తయని బాపును అడిగితే, ఏదన్న బాధ తలుసుకో బేటా, వస్తయ్ అన్నడు. ఎనిమిదేండ్లోనికి ఏం బాధలుంటయ్, సైకిల్ కొనియ్యలేదని తలుసుకున్నడు, రాలేదు. బడిల దెబ్బలు తలుసుకున్నడు, రాలేదు. ఒకనాడు బాపు సచ్చిపోయినట్టు తలుసుకున్నడు. దబదబ వచ్చినయ్. ఇగ అప్పటికెళ్లి ప్రతిపారి గదే, తెల్లగుడ్డ కప్పి అర్రల పండబెట్టినట్టు, అమ్మ గాజులు తీస్తున్నట్టు, ఒక్క నిమిషంల బాపును సంపుకొని ఏడ్చి, సోడ తాగేటప్పుడు మళ్ల బతికించుకుంటుండె. ఆ దినం గూడ రెండో మెట్టు మీద నిలబడి గదే తలుసుకుంటుండె. ఎన్క బాపు సస్తుంటే, ముంగట గల్లీ దిక్కు చూసుకుంట బాపు సచ్చిండని తలుసుకొని ఏడుస్తుండె. ఏడ్చే మొగోన్ని నమ్మొద్దంటరు, తననైతే తనే నమ్మలేకపోయిండు మళ్ల. బాపు ఐసీయూల ఉన్న ఆరు దినాలు కంట్లకెళ్లి ఒక్క చుక్క రాలేదు. వచ్చినోళ్లంతా పిల్లగాడు గుండె రాయి చేసుకున్నడు, మగపిల్లగాడంటే గట్లుండాలె అన్నరు. చేసుకున్నోనికి చేసుకున్నంత.

యూనివర్సిటీ కాయిదంల రెండు అడిగిన్రు. ఒకటి ఏదన్న నాటకంలకెళ్లి ఐదు నిమిషాలు. రెండోది, మీరు దగ్గరికెళ్లి చూసిన ఒక మనిషిని మూడు నిమిషాలు చేసి చూపాలె. మొదటిది చిటికెల వచ్చింది. రెండోదానికి ఇంకెవలున్నరు, బాపు తప్ప? నెల దినాల సంది గోదాములకు దిగి, తలుపేసుకొని, పగిలిన అద్దం ముంగట బాపును చేస్తుండు. చీరె మడత ఒక్క ఇసురుకు విప్పుడు, కొంగు అరచేతి మీద పరుసుడు, అక్కా అనేటప్పుడు ముందుకు వంగుడు, కోపమొస్తే మొదలు నవ్వి తర్వాత అరుసుడు, అన్నీ వస్తున్నయ్. చెయ్యి జేబు మీదికి పోయే కాడికి రాంగనే ఆగిపోతుండు. అక్కడికెళ్లి ముంగటికి పోలేదు ఒక్కనాడు గూడ. ఆ చెయ్యి సైగ లెక్క పెట్టాల్నా, నొప్పి లెక్క పెట్టాల్నా, చేతికే తెలుస్తలేదు. సార్లు అడుగుతరేమో, ఎందుకాపినవ్ బాబు అని, ఏం చెప్తడు? ఇక్కడ మా బాపు పడిపోయిండు సార్, నేనేమో బాగ చేస్తుండనుకున్న అని చెప్తడా? చెప్తే సీటిస్తరేమో గూడ. ఆ ఆలోచన రాంగనే తన మీద తనకే అసహ్యం వేసింది, ఫైలు ఈ చేతిలకెళ్లి ఆ చేతిలకు మార్చుకున్నడు.

మూడో బస్సు వచ్చింది, ఎక్కిండు. కిటికి సీటు దొరికింది, టికెట్ తీసుకున్నడు. ఇగ అయిపోయింది, పోతున్న, పోయి చేసి వస్త, బాపు సైగ చేసిండు, మాటలు గూడ గవ్వే మాటలు, ఒక్క అక్షరం తేడా లేదు, నొప్పి వచ్చిన మనిషి అన్ని మాటలు సాపుగ అంటడా? అనడు. అనలేడు. ఆ దినం ఒక్క మాట రాలేదు గద. అంటే సైగే. బస్సు కదిలి, సిగ్నల్ కాడ ఆగి, మళ్ల కదిలింది. పక్కసీటు పెద్దాయన తెల్లంగి, జేబుల పెన్ను, బీడీకట్ట, ఆధార్ కార్డు, సీటుకానుకొని నిద్ర పోతుండు, బస్సు ఊగినప్పుడల్లా చెయ్యి జేబు మీదికి పోతుంది, ఏం పడిపోవద్దని. ఎన్నిసార్లు పోయినా జేబు మీదికే పోతుంది. బనీనుకు జేబు లేదు. బాపు చెయ్యి ఏం పడిపోవద్దని పట్టుకున్నది? ఆ దినం గూడ ఇట్లనే, బాపు కొత్తది చేస్తుండని ఎంత బాగ నమ్మిండు, ఎంత సాపుగ అన్నీ కలిసినయ్. కలిసినయ్ కాబట్టే నమ్మిండు. నిఖిలేష్ లేచి నిలబడ్డడు. ఆపున్రి అన్నడు. స్టాపు కాదు అన్నది కండక్టరమ్మ. ఆపున్రి అమ్మా, మా బాపుకు బాగలేదు అన్నడు. అన్నంక ఆ మాట తన చెవులకే ఎట్లనో ఇనబడ్డది, ఆమె వెంటనే సీటీ కొట్టి బస్సు ఆపించింది, మెత్తటి మనిషి, మొఖం చూస్తే తెలుస్తుంది.

వచ్చే ఆటోలకు చెయ్యెత్తిండు. ఒకటాగింది. నయాపూల్ మీద ట్రాఫిక్, మూసీ వాసన, ఆటోవాలా భాయ్ అద్దంల చూసుకుంట జల్దీ హై క్యా అన్నడు, హౌ భాయ్, ఘర్ మే అబ్బా అకేలే హై అన్నడు నిఖిలేష్, బాపు ఇంట్ల ఒక్కడే ఉండని, ఇగ ఆయన సందులకెళ్లి సందులకు తీసుకపోయిండు. మదీన కాడ తమ దుకాణం గల్లీ దాటింది, ఒకటే రేటు బోర్డు కనబడీ కనబడనట్టు. చార్మినార్ చుట్టూ తిరిగి, షాలిబండ ఎక్కింది ఆటో. బతికి ఉండాలె. కుర్చీలనే ఉండాలె. నన్ను తిట్టాలె. ఎదురుంగ తెల్లగుడ్డ కండ్లకు కడుతుంది, అర్ర కడుతుంది, గాజులు కడుతున్నయ్, పదకొండేండ్లు సాన పెట్టిన బొమ్మ అది, ఎంత తుడిచినా పోతలేదు, అయినా కండ్లు మాత్రం ఎండిపోయి ఉన్నయ్. గుడి ఎనక గల్లీల ఆటో పట్టదు. దిగి ఉరికిండు.

తలుపు దగ్గరికేసి ఉంది. బాపు కిటికి కాడ కుర్చీలనే ఉండు. గదే బనీను. చేతుల మంచినీళ్ల గ్లాసు. మొదలు గోడకున్న గడియారం దిక్కు చూసిండు, తర్వాత కొడుకు దిక్కు చూసిండు.

"ఏమైందిరా, బస్సు దొరకలేదా?"

నిఖిలేష్‌కు ఊపిరి అందుతలేదు. గడప అవతలనే నిలబడ్డడు. "ఫోనెందుకు ఎత్తవు బాపు?"

"ఎత్తితే వాపస్ వస్తవని ఎత్తలే." గ్లాసు కిటికిల పెట్టిండు. "సైగ చేసిన గదరా. చూడలేదా?"

"చూసిన." ఆ తర్వాత వచ్చిన మాట అతను అనుకున్నది కాదు, రెండేండ్లు నాలుక కింద పెట్టుకున్నది అదంతట అదే వచ్చింది. "ఆ దినం గూడ చేసినవ్ బాపు."

పక్కింట్ల కుక్కరు మూడుసార్లు కూసి ఆగింది. బాపు తన కుడిచెయ్యిని తిప్పి తిప్పి చూసుకున్నడు, ఎవలదో చెయ్యి తన దగ్గర మరిచిపోయినట్టు.

"ఆ దినం నేను..." అన్నడు నిఖిలేష్.

"ఎరికే," అన్నడు బాపు. "పడ్డంక గూడ చెవులు పని చేసినయ్. మెట్ల మీదికెళ్లి ఇనబడుతుండె, తప్పయింది బాపు, తప్పయింది బాపు అని." కిటికిల గ్లాసు పక్కకు జరిపిండు. "మంచిగ ఏడ్చినవ్."

నిఖిలేష్ గడప మీద కూసున్నడు. ఏదీ తలుసుకోలేదు, తెల్లగుడ్డ లేదు, గాజులు లేవు, బాపు ఎదురుంగ బతికి కూసోని ఉండు, ఉత్తగనే వచ్చినయ్ కన్నీళ్లు, ముక్కు కారుకుంట, ఎక్కిళ్లతోటి, ఎవలకు చూపనీకి బాగుండని ఏడుపు. బాపు దగ్గరికి రాలేదు, ఊకోమనలేదు. అయిపోయేదాక కూసున్నడు. తర్వాత ముందుకు జరిగి రెండు చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నడు, వేళ్లు సాపి, కొడుక్కు మంచిగ కనబడేటట్టు.

"ఇప్పుడు సైగ లేదు," అన్నడు. "ఉత్తగనే చెప్తున్న. పో."

గడియారంల పదింటికి ఐదు తక్కువున్నది. నిఖిలేష్ అంగితోటి మొఖం తుడుసుకొని, ఫైలు తీసుకొని, ఆ చేతుల దిక్కే చూసుకుంట ఒక మెట్టు దిగిండు, రెండో మెట్టు దిగిండు. అక్కడ కాళ్లు అలవాటుగ ఆగినయ్. ఎన్కనుంచి ఎవ్వలు పిలువలేదు. మూడో మెట్టు దిగిండు.